ఎనిమిది జీబీ, పన్నెండు జీబీ: రెండు గ్రాఫిక్స్ కార్డులతో మూడేళ్లు

గ్రాఫిక్స్ కార్డుల సమీక్షలు చాలావరకు కార్డు మార్కెట్లోకి వచ్చిన వారంలోనే వెలువడతాయి. అప్పటికి కార్డు కొత్తది, పరీక్షకు పెట్టే గేములు మాత్రం అంతకు ముందు ఏడాదో రెండేళ్లో వచ్చినవి. ఆ వారం గీసిన గ్రాఫులు చూసి మనం డబ్బు పెడతాం. తర్వాత నాలుగైదేళ్ల పాటు వచ్చే గేములన్నీ ఆ కార్డు మీదే ఆడాలి. నేను రాస్తున్నది ఆ తర్వాతి సంగతి. ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 3060 టీఐని 2022 జూన్‌లో, ఏఎండీ ఆర్‌ఎక్స్ 6700 ఎక్స్‌టీని అదే ఏడాది డిసెంబరులో కొన్నాను. మొదటిది నా కంప్యూటర్‌కు, రెండోది మా చెల్లెలి కంప్యూటర్‌కు. ఇద్దరం ఆడే గేములు వేరు, అవసరాలు వేరు. అందుకే ఏడాదికి రెండు మూడుసార్లు కార్డులు మార్చుకుని, నెలల తరబడి వాడి, మళ్లీ మార్చుకుంటూ వచ్చాం.

నా దగ్గర ఉన్నది రైజెన్ 5 5600ఎక్స్ ప్రాసెసర్, 32 జీబీ ర్యామ్, 144 హెర్ట్జ్ 1440పీ (2560×1440 పిక్సెళ్ల) మానిటర్. చెల్లెలి దగ్గర మొదట రైజెన్ 5 2600 ప్రాసెసర్, 1080పీ మానిటర్ ఉండేవి. తర్వాత ఆమె ప్రాసెసర్, మదర్‌బోర్డు రెండూ మార్చాం. ఈ వివరాలు ముందే చెప్పడానికి కారణం ఉంది: ఒకే కార్డు ఈ రెండు కంప్యూటర్లలో రెండు రకాలుగా ప్రవర్తించింది.

ముందు కాగితం మీది లెక్కలు చూద్దాం. 3060 టీఐ 2020 డిసెంబరులో 399 డాలర్లకు, 6700 ఎక్స్‌టీ 2021 మార్చిలో 479 డాలర్లకు విడుదలయ్యాయి. మొదటిదానిలో 4864 క్యూడా కోర్లు, రెండోదానిలో 2560 స్ట్రీమ్ ప్రాసెసర్లు. లెక్కలు చేసే చిన్న కోర్లకు రెండు సంస్థలు పెట్టుకున్న పేర్లివి. ఈ అంకెలను పక్కపక్కన పెట్టి ఒకటి దాదాపు రెండింతలు బలమైనదని అనుకుంటే పొరపాటే. కోర్లను లెక్కించే తీరు వేరు, అవి నడిచే వేగం వేరు. 6700 ఎక్స్‌టీ 2500 మెగాహెర్ట్జ్ దాకా వెళ్తుంది, నా 3060 టీఐ 1900 చుట్టుపక్కల నడిచేది. మొత్తం గణన శక్తి చూసినా ఎన్విడియాది సుమారు 16 టెరాఫ్లాప్‌లు (ఒక టెరాఫ్లాప్ అంటే సెకనుకు లక్ష కోట్ల లెక్కలు), ఏఎండీది 13. గేములో ఆ తేడా కనిపించదు. అసలు చూడవలసిన అంకెలు వేరే రెండున్నాయి: మెమొరీ ఎంత, దానికి దారి ఎంత వెడల్పు. 3060 టీఐలో 8 జీబీ మెమొరీ, 256 బిట్ల దారి, సెకనుకు 448 జీబీ రవాణా. 6700 ఎక్స్‌టీలో 12 జీబీ మెమొరీ, 192 బిట్ల దారి, సెకనుకు 384 జీబీ. ఆ దారి ఇరుకును భర్తీ చేయడానికి చిప్‌లోనే 96 ఎంబీ ఇన్ఫినిటీ క్యాష్ అనే అతివేగ తాత్కాలిక మెమొరీ పెట్టారు. ఒకటి వెడల్పు దారి ఉన్న చిన్న గోదాము, ఇంకొకటి దారి కాస్త ఇరుకైన పెద్ద గోదాము. ఈ మూడేళ్లలో నేను చూసిన మంచిచెడ్డల్లో సగం ఈ ఒక్క తేడా నుంచే పుట్టాయి.

విడుదల ధరల ప్రకారం రేడియాన్‌కు (ఏఎండీ కార్డుల పేరది) 80 డాలర్లు, అంటే 20 శాతం ఎక్కువ. అయితే 2021లో ఆ ధరలకు కార్డు దొరకడమే గగనం. ఒకవైపు చిప్‌ల కొరత, మరోవైపు ఈథీరియం అనే క్రిప్టో కరెన్సీ మైనింగ్ కోసం, అంటే కార్డుతో లెక్కలు చేయించి దాన్ని సంపాదించడం కోసం, కార్డులను పదుల సంఖ్యలో ఎత్తుకుపోయేవాళ్లు. 2022 సెప్టెంబరు 15న ఈథీరియం ఆ లెక్కలు అక్కర్లేని ప్రూఫ్ ఆఫ్ స్టేక్ పద్ధతికి మారడంతో గ్రాఫిక్స్ కార్డులతో దాన్ని మైన్ చేసే పని ఒక్కరోజులో ముగిసింది. నేను 3060 టీఐ కొన్నది దానికి మూడు నెలల ముందు, విడుదల ధరకు మించి పెట్టి. 6700 ఎక్స్‌టీ కొన్నది మూడు నెలల తర్వాత, విడుదల ధరకు బాగా తక్కువలో. కాగితం మీద ఖరీదైన కార్డు చవకగా వచ్చింది, చవకైనది ఖరీదుగా వచ్చింది. అప్పటి నుంచి విడుదల ధరతో లెక్కగట్టిన 'ఒక్కో ఫ్రేముకు (సెకనులో తెర మీద గీసే ఒక్కో చిత్రానికి) ఇంత' అనే పట్టికలను నేను పట్టించుకోవడం లేదు. కొనే రోజు నాటి ధర వేసుకుని ఎవరి పట్టిక వాళ్లే తయారు చేసుకోవాలి. అది పది నిమిషాల పని.

మొదటి ఏడాది రెండు కార్డుల మధ్య తేడా వెతికితే తప్ప కనిపించలేదు. రే ట్రేసింగ్ (కాంతి కిరణాల దారిని లెక్కగట్టి నీడలు, ప్రతిబింబాలు గీయడం) లేని మామూలు గ్రాఫిక్స్‌లో, 1440పీలో, ఒక గేములో ఇది నాలుగైదు ఫ్రేములు ముందుంటే ఇంకో గేములో అది ముందుండేది. రెడ్ డెడ్ రిడెంప్షన్ 2 రెండింటిలోనూ హాయిగా 60 దాటి నడిచింది. ఎల్డెన్ రింగ్ ఎలాగూ 60 ఫ్రేముల దగ్గరే ఆగుతుంది కాబట్టి అక్కడ పోలికే లేదు. మొత్తం మీద 6700 ఎక్స్‌టీది కొద్దిపాటి ఆధిక్యం. నాకు తెలియకుండా కార్డు మార్చి కూర్చోబెడితే నేను కనిపెట్టగలిగేంత ఆధిక్యం కాదు.

చేతికి తెలిసేది సగటు ఫ్రేమ్‌రేటు కాదు, ఫ్రేముకూ ఫ్రేముకూ మధ్య వ్యవధి. సెకనుకు 60 ఫ్రేములంటే ఒక్కోదానికి 16.7 మిల్లీసెకన్లు. 59 ఫ్రేములు 15 మిల్లీసెకన్ల చొప్పున వచ్చి, ఒక్క ఫ్రేము మాత్రం 100 మిల్లీసెకన్లు తీసుకుందనుకోండి. మొత్తం 985 మిల్లీసెకన్లు. సగటు అరవై పైనే ఉంటుంది, పట్టికలో అంతా బాగున్నట్లే కనిపిస్తుంది. గేమ్ ఆడుతున్న మనిషికి మాత్రం ఆ ఒక్క కుదుపే గుర్తుంటుంది. అందుకే సమీక్షల్లో సగటు పక్కన ఉండే 'ఒక శాతం కనిష్ఠం' అనే చిన్న అంకెను, అంటే అన్నిటికన్నా నెమ్మదైన ఒక శాతం ఫ్రేముల వేగాన్ని, ముందు చూడమని నన్ను అడిగిన ప్రతి ఒక్కరికీ చెబుతుంటాను.

2023 వచ్చేసరికి ఆ కుదుపులు మొదలయ్యాయి. కార్డు మారలేదు, గేముల తయారీ మారింది. ప్లేస్టేషన్ 4లో ఉన్నది 8 జీబీ ఉమ్మడి మెమొరీ. దాన్ని లెక్కలో పెట్టుకున్నంత కాలం గేములు అందులో ఇమిడేలా తయారయ్యాయి. 2020 నవంబరులో వచ్చిన ప్లేస్టేషన్ 5, ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్‌లలో 16 జీబీ ఉంది. రెండేళ్ల పాటు పాత కన్సోళ్లకూ కొత్త కన్సోళ్లకూ కలిపి గేములు చేశారు. ఆ తర్వాత ఒక్కొక్కరే పాతవాటిని వదిలేశారు. అప్పటి నుంచి టెక్స్చర్లు, అంటే గోడ మీది పెచ్చులు, బట్ట మీది నేత, ముఖం మీది ముడతలు, ఒక్కసారిగా బరువెక్కాయి. 8 జీబీ కార్డులకు గడ్డుకాలం అక్కడ మొదలైంది. 2020లో గీసిన గ్రాఫుల్లో దాని జాడే లేదు.

కార్డు మెమొరీ నిండిపోతే మిగిలిన సరుకు కంప్యూటర్ ర్యామ్‌లోకి వెళ్తుంది. కావలసినప్పుడు దాన్ని మదర్‌బోర్డుకూ కార్డుకూ మధ్య ఉండే పీసీఐ ఎక్స్‌ప్రెస్ దారిలో తెచ్చుకోవాలి. నాలుగో తరం పీసీఐ ఎక్స్‌ప్రెస్‌లో 16 లేన్ల దారి సెకనుకు సుమారు 32 జీబీ మోస్తుంది. 3060 టీఐ సొంత మెమొరీ 448 జీబీ మోస్తుందని పైన చెప్పాను. అంటే ఇది పద్నాలుగో వంతు. చెల్లెలి పాత మదర్‌బోర్డు మూడో తరానిది, అక్కడ సుమారు 16 జీబీయే. అంటే ఇరవై ఎనిమిదో వంతు. నా మానిటర్‌నే తీసుకెళ్లి ఆమె కంప్యూటర్‌కు తగిలించి, అదే కార్డు, అదే గేమ్, అవే సెట్టింగులతో చూశాను. నా దగ్గర కొత్త వీధిలోకి అడుగుపెట్టినప్పుడు వచ్చే చిన్న కుదుపు, అక్కడ తలుపు తీసిన ప్రతిసారీ వచ్చింది. పాత మదర్‌బోర్డు ఉన్నవాళ్లే సాధారణంగా చవకైన, తక్కువ మెమొరీ ఉన్న కార్డు కొంటారు. ఆ కొరత ఎక్కువగా దెబ్బతీసేది కూడా వాళ్లనే.

కుదుపు కనీసం కంటికి కనిపిస్తుంది. కనిపించని నష్టం మరొకటి ఉంది. చాలా గేములు మెమొరీ చాలకపోతే ఫిర్యాదు చేయవు, మెమొరీకి మించిన టెక్స్చర్లను చడీచప్పుడు లేకుండా మసకవాటితో మార్చేస్తాయి. ఫ్రేమ్‌రేటు తగ్గదు. గ్రాఫులో రెండు కార్డులూ సమానంగా ఉంటాయి, తెర మీద గోడలు మాత్రం సమానంగా ఉండవు. దుకాణం బోర్డు మీది అక్షరాలు దగ్గరికి వెళ్లినా అలుక్కుపోయే ఉంటాయి, పది సెకన్లు నిలబడితే అప్పుడు స్పష్టమవుతాయి, ఒక్కోసారి అప్పటికీ కావు. ఒక గేములో 3060 టీఐతో ఇరవై గంటలు ఆడి, అందులో కళ ఇంతేనని నమ్మాను. కార్డు మార్చి అదే చోటుకు వెళ్లి నిలబడితే రాతి గోడలో ప్రతి పగులూ కనిపించింది. సెట్టింగులు ఒక్కటీ మార్చలేదు.

మెమొరీ చాలినంత ఉంటే టెక్స్చర్ల నాణ్యత పెంచినా వేగం దాదాపు తగ్గదు. నీడలు, ప్రతిబింబాలు, పొగమంచు పెంచితే కార్డు కష్టపడాలి. టెక్స్చర్లకు కావలసింది చోటు మాత్రమే. అందుకే కార్డు పాతబడి మిగతా సెట్టింగులన్నీ దించుకోవలసి వచ్చినా, 12 జీబీ ఉన్నవాళ్లు టెక్స్చర్లను పైనే ఉంచుకోవచ్చు. చూపుకు అన్నిటికన్నా ఎక్కువ తేడా తెచ్చే సెట్టింగు అదే. 6700 ఎక్స్‌టీ మూడేళ్ల తర్వాత కూడా ముసలితనం చూపకపోవడానికి ముఖ్య కారణం ఇదేనని నా నమ్మకం.

ఇది అన్ని గేములకూ వర్తించదు. చెల్లెలు ఎక్కువగా ఆడేవి వాలొరాంట్, కౌంటర్ స్ట్రైక్ 2. అవి 8 జీబీలో సగం కూడా అడగవు. వాటిలో ఆమెకు కావలసింది మౌస్ కదిపిన క్షణానికీ తెర కదిలిన క్షణానికీ మధ్య ఆలస్యం తగ్గడం. ఆ ఆలస్యాన్ని తగ్గించే ఎన్విడియా రిఫ్లెక్స్ ఈ రెండు గేముల్లోనూ ఉంది, ఆమెకు ఆ తేడా చేతికి తెలుస్తుంది. నాకు తెలియదు. ఆమె ఆడే స్థాయికి నేను రాను కాబట్టి ఈ విషయంలో ఆమె మాటే ప్రమాణం.

ఇక రెండో పెద్ద విషయం అప్‌స్కేలింగ్, అంటే చిన్న చిత్రం గీసి దాన్ని తెరకు సరిపడా పెంచడం. ఎన్విడియాది డీఎల్‌ఎస్‌ఎస్, ఏఎండీది ఎఫ్‌ఎస్‌ఆర్. కొన్నప్పుడు నేను దీన్ని పక్క వాయిద్యం అనుకున్నాను, ఇప్పుడు అదే ప్రధాన వాయిద్యమైంది. 1440పీ మానిటర్‌పై డీఎల్‌ఎస్‌ఎస్ గానీ ఎఫ్‌ఎస్‌ఆర్ 2 గానీ క్వాలిటీ స్థాయిలో పెడితే, గేమ్ లోపల గీసేది సుమారు 1707×960 చిత్రాన్నే. అసలు పిక్సెళ్లలో అది 44 శాతం మాత్రమే. మిగతాదంతా గత ఫ్రేముల నుంచి పోగుచేసి పూరిస్తుంది. ఆ పూరించడంలోనే రెండు సంస్థల దారులు వేరయ్యాయి. ఎన్విడియా శిక్షణ పొందిన న్యూరల్ నెట్‌వర్క్‌ను వాడుతుంది. 2022 మేలో వచ్చిన ఎఫ్‌ఎస్‌ఆర్ 2లో అది లేదు, మనుషులు రాసిన నియమాలతో పనిచేస్తుంది. దాని గొప్పతనం ఏ సంస్థ కార్డు మీదైనా నడవడం. దాని లోపం జుట్టు, కంచె తీగలు, వాన చినుకులు, కదిలే ఆకుల దగ్గర బయటపడుతుంది: అక్కడ మిలమిలలాడే మచ్చలు కనిపిస్తాయి. ఒకసారి కంట్లో పడ్డాక వదలవు. 6700 ఎక్స్‌టీ మీద, ఇదే పనికి ఇంటెల్ తెచ్చిన ఎక్స్‌ఈఎస్ఎస్ ఉన్న గేముల్లో చాలాసార్లు నేను దాన్నే ఎంచుకున్నాను. వేగం కాస్త తక్కువ ఇస్తుంది, చిత్రం మాత్రం నిలకడగా ఉంటుంది.

2025 జనవరి చివర్లో డీఎల్‌ఎస్‌ఎస్ 4తో పాటు ట్రాన్స్‌ఫార్మర్ అనే కొత్త రకం న్యూరల్ నెట్‌వర్క్ నమూనా వచ్చింది. దాన్ని పాత ఆర్‌టీఎక్స్ కార్డులన్నిటికీ ఇచ్చారు. అప్పటికి నాలుగేళ్లు దాటిన 3060 టీఐలో, ఒక్క డ్రైవర్ (కార్డును నడిపే సాఫ్ట్‌వేర్) నవీకరణతో, చిత్రం ముందెన్నడూ లేనంత శుభ్రంగా మారింది. వేగంలో కొద్దిగా కోత పడింది. అంతకు ముందు క్వాలిటీ స్థాయిలో మాత్రమే ఆడేవాణ్ని, ఇప్పుడు బ్యాలెన్స్‌డ్ స్థాయిలో కూడా నిశ్చింతగా ఆడొచ్చు. లోపల గీసే చిత్రం చిన్నదైనప్పుడు మెమొరీ కూడా కొంత మిగులుతుంది. కార్డు విడుదలైన నాలుగేళ్లకు దాని విలువ పెరగడం అరుదైన సంగతి, ఎన్విడియాకు ఈ విషయంలో నిండు మనసుతో మార్కులు వేస్తాను. ఏఎండీ కూడా 2025 మార్చిలో ఎఫ్‌ఎస్‌ఆర్ 4తో న్యూరల్ నెట్‌వర్క్ దారి పట్టింది. అయితే దాన్ని ఆర్‌ఎక్స్ 9000 కార్డుల కోసం విడుదల చేసింది. నా 6700 ఎక్స్‌టీ ఆ పంక్తిలో లేదు.

నడుమ ఫ్రేములను పుట్టించే ఫ్రేమ్ జనరేషన్ కథ దీనికి తలకిందులుగా ఉంది. ఎన్విడియా సొంత ఫ్రేమ్ జనరేషన్ 40 సిరీస్ నుంచే మొదలవుతుంది, 3060 టీఐకి లేదు. ఏఎండీ ఎఫ్‌ఎస్‌ఆర్ 3ది మాత్రం రెండు కార్డుల మీదా నడుస్తుంది. 3.1 వెర్షన్ నుంచి అప్‌స్కేలింగ్‌ను, ఫ్రేమ్ జనరేషన్‌ను వేరు చేశారు కాబట్టి ఎన్విడియా డీఎల్‌ఎస్‌ఎస్‌కు ఏఎండీ ఫ్రేమ్ జనరేషన్‌ను జోడించవచ్చు. నా పాత ఎన్విడియా కార్డుకు ఈ మేలు చేసింది పోటీ సంస్థ. 6700 ఎక్స్‌టీకి అదనంగా డ్రైవర్ స్థాయిలోనే పనిచేసే ఏఎఫ్‌ఎంఎఫ్ అనే ఫ్రేమ్ జనరేషన్ 2024 జనవరిలో వచ్చింది. అసలు ఫ్రేమ్‌రేటు 60 దగ్గర ఉంటేనే ఇవన్నీ బాగుంటాయి. 30 దగ్గర పెడితే తెర నునుపుగా, చేయి బరువుగా ఉంటుంది. నేను నెమ్మదైన కథా గేముల్లో మాత్రమే వాడాను.

రే ట్రేసింగ్‌లో 3060 టీఐదే పైచేయి, సందేహం లేదు. కిరణం ఏ వస్తువుకు తగిలిందో వెతుక్కుంటూ దిగే పని మొత్తాన్ని ఎన్విడియా ఆర్‌టీ కోర్లే చేస్తాయి. ఈ తరం ఏఎండీ కార్డుల్లో ఆ వెతుకులాటలో ఒక భాగం మామూలు షేడర్ల (మిగతా చిత్రాన్ని గీసే కోర్ల) మీద పడుతుంది. సైబర్‌పంక్ 2077లో ప్రతిబింబాలు, నీడలు, కాంతి మూడూ రే ట్రేసింగ్‌తో పెడితే 3060 టీఐ డీఎల్‌ఎస్‌ఎస్ సాయంతో ఆడదగ్గ వేగం ఇచ్చింది. 6700 ఎక్స్‌టీలో నేను ఒక్క ప్రతిబింబాలే ఉంచి మిగతావి తీసేశాను. దృశ్యంలోని కాంతి మొత్తాన్నీ కిరణాలతోనే లెక్కగట్టే పాథ్ ట్రేసింగ్ జోలికి ఈ రెండింటితోనూ పోనక్కర్లేదు. అయితే రే ట్రేసింగ్ కోసం దృశ్యం నిర్మాణాన్ని మెమొరీలో పెట్టుకోవాలి, దానికి చోటు కావాలి. ఫ్రేమ్ జనరేషన్‌కూ చోటు కావాలి. అంటే 3060 టీఐకి ఏ పనిలో నేర్పు ఉందో ఆ పనికే దాని 8 జీబీ అడ్డు వస్తుంది. మూడేళ్లలో నన్ను అన్నిటికన్నా బాధపెట్టింది ఇదే. ఈ చిప్‌కు 12 జీబీ ఇచ్చి ఉంటే ఈ సమీక్ష ఒక్క పేరాతో అయిపోయేది.

2024 డిసెంబరులో వచ్చిన ఇండియానా జోన్స్ అండ్ ద గ్రేట్ సర్కిల్ దీన్ని స్పష్టంగా చూపించింది. రే ట్రేసింగ్ హార్డ్‌వేర్ లేని కార్డులో అది నడవనే నడవదు. అందులో టెక్స్చర్ పూల్ అనే సెట్టింగు ఉంది, మెమొరీలో టెక్స్చర్లకు ఎంత చోటు కేటాయించాలో అది నిర్ణయిస్తుంది. 3060 టీఐలో దాన్ని బాగా కిందికి దించాక ఆట చక్కగా సాగింది. దించకపోతే ఫ్రేమ్‌రేటు కుప్పకూలింది. 6700 ఎక్స్‌టీలో ఆ సెట్టింగు గురించి ఆలోచించవలసిన అవసరం రాలేదు. రే ట్రేసింగ్ తప్పనిసరి అయిన గేములోనే, ఆ విద్యలో వెనుకబడిన కార్డు ఎక్కువ నిశ్చింతగా నడిచింది.

పాత ప్రాసెసర్ ఉన్నవాళ్లు ఈ పేరా వదలకండి. చెల్లెలి రైజెన్ 5 2600తో 1080పీలో ఆడినప్పుడు, డైరెక్ట్ఎక్స్ 12 గేముల్లో 3060 టీఐ కంటే 6700 ఎక్స్‌టీ స్పష్టంగా ముందుంది. ఎన్విడియా డ్రైవర్ తన పనిలో ఎక్కువ భాగం ప్రాసెసర్ మీద పెడుతుంది. ప్రాసెసర్ బలహీనమైతే కార్డు ఖాళీగా ఎదురుచూస్తుంది. ప్రాసెసర్ మార్చిన రోజు ఆ తేడా పోయింది. అప్పుడే మదర్‌బోర్డు సెట్టింగులుండే బయాస్‌లో రీసైజబుల్ బార్ ఆన్ చేశాం. కార్డు మెమొరీ మొత్తాన్నీ ప్రాసెసర్ ఒకేసారి అందుకునేలా చేసే సదుపాయం అది. రేడియాన్‌కు దానివల్ల కొన్ని గేముల్లో కంటికి తెలిసేంత లాభం వచ్చింది. ఎన్విడియా దాన్ని ఎంపిక చేసిన గేములకే వాడుతుంది, లాభమూ తక్కువే.

కరెంటు, వేడి సంగతి. 3060 టీఐ ఖర్చు 200 వాట్లు, 6700 ఎక్స్‌టీది 230. రెండింటికీ వోల్టేజీ తగ్గించి వాడాను, రెండూ వేగంలో చెప్పుకోదగ్గ నష్టం లేకుండా ఇరవై ముప్పై వాట్లు తగ్గాయి, ఫ్యాన్ల చప్పుడు సగమైంది. రేడియాన్‌లో ఆ పని దాని సొంత అడ్రినలిన్ సాఫ్ట్‌వేర్‌లోనే అయిపోతుంది, జీఫోర్స్‌కు, అంటే ఎన్విడియా కార్డుకు, వేరే సాఫ్ట్‌వేర్ వేసుకోవాలి. సాఫ్ట్‌వేర్ పొందికలో చాలాకాలం ఏఎండీయే మెరుగు. 2024 నవంబరులో ఎన్విడియా కొత్త యాప్ పూర్తిస్థాయిలో వచ్చాక, లాగిన్ తప్పనిసరి అన్న తలనొప్పి పోయాక, ఆ అంతరం చాలావరకు తగ్గింది.

2023 వేసవిలో చెల్లెలి కంప్యూటర్ ఆట మధ్యలో తెర నల్లబడి తనంతట తానే మళ్లీ మొదలయ్యేది. డ్రైవర్లు నాలుగుసార్లు మార్చి చూశాను, విండోస్ మళ్లీ ఎక్కించాను. చివరికి తేలింది వేరు: కార్డుకు ఉన్న రెండు విద్యుత్ సాకెట్లకు ఒకే కేబుల్ రెండు కొనలు తగిలించి ఉన్నాయి. పవర్ సప్లై నుంచి రెండు వేర్వేరు కేబుళ్లు తెచ్చి పెట్టాను. మళ్లీ ఒక్కసారి కూడా ఆగలేదు. క్షణకాలం పాటు కార్డు తన సగటు కంటే చాలా ఎక్కువ కరెంటు లాగుతుంది, ఆ క్షణాన్ని తట్టుకునే కేబుల్ కావాలి. డ్రైవర్ల మీద వచ్చే ఫిర్యాదుల్లో ఇలాంటివి కొన్నైనా ఉంటాయని అప్పటి నుంచి అనుమానిస్తున్నాను.

3060 టీఐకి రెండో ఏడాది ఒక ఫ్యాన్ గరగరలాడింది. బోర్డు తయారు చేసిన సంస్థ పొదుపు అది, చిప్ తప్పు కాదు. ఫ్యాన్ విడిగా కొని మార్చాను. మూడో ఏడాది ఆ కార్డులో సగటు ఉష్ణోగ్రతకూ అత్యంత వేడి బిందువుకూ మధ్య తేడా పన్నెండు డిగ్రీల నుంచి ఇరవై ఐదుకు పెరిగింది. విప్పి, ఎండిపోయిన థర్మల్ పేస్టు తుడిచి కొత్తది పూశాక మళ్లీ పదమూడుకు వచ్చింది. కార్డు నాలుగేళ్లు వాడదలిస్తే ఈ తేడాను ఏడాదికోసారి గమనిస్తుండండి.

వీడియో పనికి, ఆట ప్రత్యక్ష ప్రసారానికి 3060 టీఐ మెరుగు. సెకనుకు 6 మెగాబిట్ల హెచ్.264 ప్రసారంలో వేగంగా కదిలే దృశ్యాలు ఎన్విడియా ఎన్‌కోడర్‌తో (వీడియోను కుదించే భాగం) తక్కువగా చెదురుతాయి. బ్లెండర్ అనే 3డీ బొమ్మల సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లకూ అదే మాట. లినక్స్‌లో ఆడేవాళ్లకు మాత్రం రేడియానే సుఖం, దాని డ్రైవర్ వ్యవస్థలోనే కలిసి వస్తుంది.

డ్రైవర్ల ఆయుష్షు గురించి ఒక మాట. 2025 అక్టోబరు చివర్లో ఏఎండీ 5000, 6000 సిరీస్ కార్డులను వేరే డ్రైవర్ శాఖకు మార్చినట్లు ప్రకటించింది. వినియోగదారుల్లో కలవరం రేగాక, కొత్త గేములకు మద్దతు కొనసాగుతుందని స్పష్టం చేసింది. మాట నిలబెట్టుకుంటారనే ఆశిస్తున్నాను. అయితే నాలుగేళ్లు దాటిన కార్డుకు ఒక సంస్థ కొత్త అప్‌స్కేలర్ ఇస్తే, ఇంకో సంస్థ వేరే వరుసలో కూర్చోబెట్టింది. ధర, పనితనం లెక్కలో దీనికీ ఒక గడి ఉండాలి.

ఈ పోలిక పాత కార్డులదే అయినా ప్రశ్న పాతబడలేదు. 2023లో వచ్చిన 4060 టీఐ 8 జీబీ రకం ధర మళ్లీ 399 డాలర్లే, 3060 టీఐ మీద అది సాధించిన వేగం అంతంతమాత్రం, మెమొరీ దారి 128 బిట్లకు కుంచించుకుపోయింది. 16 జీబీ కావాలంటే ఇంకో 100 డాలర్లు పెట్టమన్నారు. 2025లో విడుదల ధరలు డాలర్లలో ఇవి: ఎన్విడియా 5060 టీఐ 8 జీబీ 379, 16 జీబీ 429. ఏఎండీ ఆర్‌ఎక్స్ 9060 ఎక్స్‌టీ 8 జీబీ 299, 16 జీబీ 349. రెండు సంస్థలూ ఒకే పేరుతో రెండు కార్డులు అమ్ముతున్నాయి. ఈ పని నాకు కోపం తెప్పిస్తుంది, ఎందుకంటే పెట్టె మీద చిన్న అంకె చూడని మనిషి నాలుగేళ్లు దాని ఫలితం అనుభవిస్తాడు. విడుదల ధరల్లో తేడా 50 డాలర్లే. నాలుగేళ్లకు పంచితే ఏడాదికి పన్నెండున్నర. 1440పీలో పెద్ద గేములు ఆడేవాళ్లు ఆ 50 మిగుల్చుకోవద్దు. ఆ రెండు 16 జీబీ కార్డుల మధ్య ఎంచుకోవలసి వస్తే, రే ట్రేసింగ్, వీడియో పని ముఖ్యమైనవాళ్లకు తప్ప 9060 ఎక్స్‌టీకే నా ఓటు. ఎఫ్‌ఎస్‌ఆర్ 4తో అప్‌స్కేలింగ్‌లో పాత వెనుకబాటు చాలావరకు తీరింది, పైగా దానికి 16 లేన్ల దారి ఉంది. ఎన్విడియాది 8 లేన్లే. ఇంకా తక్కువలో చూసేవాళ్లకు ఇంటెల్ ఆర్క్ బీ580 ఉంది: 12 జీబీ, విడుదల ధర 249 డాలర్లు. అయితే రీసైజబుల్ బార్ లేని కంప్యూటర్‌లో, పాత ప్రాసెసర్‌తో దాన్ని కొనకండి. ఎన్విడియా డ్రైవర్‌తో మేము చెల్లెలి దగ్గర చూసిన ఇబ్బంది దానిలో ఇంకా ఎక్కువ.

గత మార్చి తర్వాత మేము కార్డులు మార్చుకోలేదు. 3060 టీఐ చెల్లెలి దగ్గర స్థిరపడింది. ప్రసారం, రిఫ్లెక్స్, కొత్త డీఎల్‌ఎస్‌ఎస్ మూడూ ఆమెకు కావాలి, ఆమె గేములకు 8 జీబీ చాలు. 6700 ఎక్స్‌టీ నా దగ్గరుంది. టెక్స్చర్లు గరిష్ఠం మీద, నీడలు మధ్యస్థం మీద, రే ట్రేసింగ్ ఆఫ్‌లో, ఫ్రేమ్‌రేటును 90 దగ్గర కట్టేసి ఆడుతున్నాను. దాని ఫ్యాన్లు ఇంకా మొదటివే.